గొలుసు విప్పిన జీపు

గురజాల నుంచి మాచర్ల వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే మక్బూల్ షెడ్డు ఉండేది. నాలుగు దుంగల మీద రేకులు, రేకుల కింద అడ్డంగా ఓ పాత రైలు పట్టా, ఆ పట్టాకు వేలాడే, ఇంజన్లు ఎత్తే కప్పీ గొలుసు. చూడ్డానికి ఇంతే. కానీ జనం తోసుకొచ్చిన బండి ఆ రేకుల కింద నుంచి తనంతట తాను నడుచుకుంటూ పోతుందని పల్నాడులో పేరు. బండి బాగైందని మక్బూల్ అన్నాడంటే అది సుప్రీంకోర్టు తీర్పు, ఇక అప్పీలు లేదు. మనిషికి మంచి పేరు ఉండాలి గానీ మరీ అంత ఉండకూడదు. ఆ పేరే చివరికి ఒకడి కొంప ముంచింది.

అరవై రెండో సంవత్సరం వేసవిలో మిషను ఆసుపత్రి జీపుకు మక్బూల్ వేరే ఇంజను వేశాడు. జీపు యుద్ధకాలం నాటిది, మద్రాసులో వేలంలో కొన్నది. పదిహేనేళ్ళు పల్నాడు రాళ్ళ మీద తిరిగి తిరిగి దాని ఇంజను అరిగి మూలపడింది. ఆసుపత్రి మేనేజరు ఆనందరావు గారు నరసరావుపేట తుక్కు కొట్లో ఓ ఇంగ్లీషు కారు ఇంజను చూసి తెప్పించారు. ఆ ఇంజను కాళ్ళు జీపు చట్రం మీద సరిగా కూర్చోలేదు. మక్బూల్ పాత లారీ టైరు కోసి, మందపాటి ముక్కలు ఇంజను కాళ్ళ కింద మెత్తలుగా పెట్టి బిగించాడు. పొగగొట్టాన్నీ టైరు పట్టీతోనే వేలాడగట్టాడు. హ్యాండిల్ పెట్టి తిప్పే రంధ్రం కొత్త ఇంజనుకు ఎదురుగా రాలేదు. "నొక్కితే లేపే సెల్ఫు ఉండగా హ్యాండిలెందుకు?" అని దాన్ని వదిలేశాడు. పాత ఇంజనుకు చిలుం పట్టిన రాగి తీగల జడ ఒకటి వేలాడుతుంటే, దేనికీ పనికిరాదని కోసి తుక్కులో పారేశాడు.

ఇంజను పులిలా లేచింది. ఆనందరావు గారు ప్రార్థన చేయించి, కొబ్బరి బిస్కెట్లు పంచారు.

వారం తిరక్కుండా డ్రైవరు ఇన్నయ్య జీపును ఎడ్లతో లాగించుకుని వచ్చాడు. ఇన్నయ్యకు ముప్పై ఏళ్ళుంటాయి. పదేళ్ళుగా ఆ జీపుకు అతనే డ్రైవరు. మాట తక్కువ మనిషి, చదువు అంతకంటే తక్కువ.

"ఏందో తెలవట్లా మావా," అన్నాడు. "యాక్సిలేటరు తొక్కితే లైట్లు రెపరెపలాడతన్నయ్. ఆంపియరు ముల్లు పూనకం వచ్చినట్టు ఊగుద్ది. ఇంజను ఆపితే మళ్ళీ లేవదు. సెల్ఫు కొడితే మూలుగుద్ది, కాలిన వాసనొస్తది. బానెట్ తీసి చూస్తే ఏం ఉండదు."

మక్బూల్ జీపును షెడ్డులోకి తోయించి, బానెట్ ఎత్తి, సెల్ఫు కొట్టాడు. ఒక్క దెబ్బకు లేచింది. మళ్ళీ ఆపి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ లేచింది. పదిసార్లు కొడితే పదిసార్లూ లేచింది. లైట్లు కదలకుండా వెలిగాయి. ముల్లు బుద్ధిగా నిలబడింది.

"దీనికేం రోగంరా?" అన్నాడు మక్బూల్. "నా కాడ కాపురం చక్కగా చేస్తంది. నీ కాడే అలుగుతందేమో!"

ఇన్నయ్య నవ్వలేదు.

ఇక్కడ మక్బూల్ పద్ధతి ఒకటి చెప్పాలి. బెజవాడలో అతనికి పని నేర్పిన ఉస్తాదు కళ్ళ ముందే, ఎప్పుడో, ఓ ఇంజను జారి పనివాడి కాళ్ళ మీద పడిందట. అప్పటి నుంచి ఆ ఉస్తాదు తన శిష్యులందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. బానెట్ ఎత్తి ఉన్నంతసేపూ కప్పీ గొలుసు కొక్కెం ఇంజనుకు తగిలించే ఉండాలి. కిందికి వేలాడే గొలుసు కొస అటూ ఇటూ ఊగి తలకు తగలకుండా బంపరుకు బిగించి కట్టాలి. పని అయి, ఇంజను నడుస్తూ ఉండగా, బండి బయటికి కదిలే ముందు మాత్రమే బిస్మిల్లా అని గొలుసు విప్పాలి. చిన్న బల్బు మార్చే పనైనా సరే, మక్బూల్ ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఒట్టు తప్పలేదు. నమాజు తప్పిన రోజులున్నాయి గానీ గొలుసు తప్పిన రోజు లేదు.

రెండోసారి జీపు దుర్గి దారిలో ఆగింది. లోపల నొప్పులు పడుతున్న మనిషి ఉంది. నర్సు ప్రేమమ్మ ఆమెను చెట్టు నీడన పడుకోబెట్టి, బండి కట్టించుకుని తీసుకుపోవాల్సి వచ్చింది. తల్లీబిడ్డా దక్కారు గానీ ఊళ్ళలో మాట పుట్టింది. ఆ ఇంజను వచ్చిన కారు బోల్తా పడి ముగ్గురు పోయారట, ఆ ముగ్గురూ ఇంకా ఇంజనులోనే కూర్చున్నారట, నాలుగో మనిషి కోసం చూస్తున్నారట. ఆసుపత్రికి రావాల్సిన వాళ్ళు జీపును చూస్తే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. మక్బూల్ ఈ మాటలు విని ఉమ్మేశాడు. దయ్యాలను అతను నమ్మడు. అయితే దయ్యం కాకపోతే మరేమిటో కూడా అతనికి తెలియదు, ఆ సంగతి పైకి ఒప్పుకోలేడు.

షెడ్డులో మళ్ళీ పదికి పదిసార్లూ లేచింది.

ఆసారి ఇన్నయ్య కుడిచెయ్యి చాపాడు. బొటనవేలి మీద, చూపుడువేలి మీద రెండు బొబ్బలు, ఎదురెదురుగా. "చోకు పట్టుకుంటే కాలింది మావా. చోకు బుడిపె నిప్పుకణికలాగుంది."

"చోకుకు కరెంటు పోదురా. అది ఉత్త ఇనప తీగ. ఇట్టా లాగితే కార్బొరేటరు మూత కదులుద్ది, అంతే." మక్బూల్ ఆ వేళ్ళను ఎగాదిగా చూశాడు. "బీడీ కాల్చి మరిచిపోయినట్టున్నావ్. ఇంతకీ బీడీయేనా, దానెనకాల సారా కూడా ఉందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. "నేను బీడీ ముట్టను మావా," అన్నాడు ఇన్నయ్య నెమ్మదిగా. ఆ మాట ఎవరికీ వినపడలేదు.

మూడోసారి ఆనందరావు గారే జీపు వెంట వచ్చారు. ఆయన చేతిలో ఎద్దును కట్టే గొలుసు ఒకటి వేలాడుతోంది. దాన్ని మక్బూల్ ముందు పడేశారు. ముఖం ఎర్రబడి ఉంది.

"చూడు మక్బూల్! దీన్ని ఇంజనుకు చుట్టి, కొస బంపరుకు కట్టి బండి నడుపుతున్నాడు. మిషను బండికి తాయెత్తు కడతాడా? క్షుద్రమా ఇది?"

"తాయెత్తు కాదయ్యగారూ," అన్నాడు ఇన్నయ్య. "మావ షెడ్డులో గొలుసు ఉంటది. బయట ఉండదు. గొలుసు ఉన్నప్పుడే బండి లేస్తంది. అందుకని సంతలో కొన్నా. ఇది కట్టిన కాడి నుంచి మూడు రోజులు ఒక్కసారి కూడా ఆగలా. మావా, నువ్వే ఒక్కసారి బయటికి తీసి, గొలుసు లేకుండా సెల్ఫు కొట్టి చూడు. ఒక్కసారి."

మక్బూల్ ఆ గొలుసును కాలితో కదిపాడు. నలుగురూ చూస్తున్నారు. ముప్పై ఏళ్ళ పనివాడికి ఓ డ్రైవరు పని చెప్పడమా! "ఒరేయ్, ఇదేమన్నా ఎద్దనుకున్నావా, కట్టకపోతే పారిపోవడానికి?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. గొలుసును తీసి తుక్కు కుప్ప మీదికి విసిరాడు.

ఆనందరావు గారు నవ్వలేదు. "నవ్వులాట కాదు. మనుషుల ప్రాణాలు. చెప్పు మక్బూల్, లోపం బండిలో ఉందా, మనిషిలో ఉందా?"

ఇన్నయ్య మక్బూల్ ముఖంలోకే చూస్తున్నాడు. ఆ చూపుకు మక్బూల్‌కు కోపం వచ్చింది. "బండిలో లోపం లేదయ్యగారూ. నా మాట," అన్నాడు.

సాయంత్రానికి ఇన్నయ్య ఉద్యోగం ఊడింది. పెళ్ళాం మరియమ్మనీ, ఇద్దరు ఆడపిల్లలనీ పోషించాలి. నాలుగు రోజులు చూసి పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల్లో కూలికి పోయాడని ఎవరో చెప్పారు. మక్బూల్‌కు రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు గానీ, అది ఎండలవల్లే అనుకున్నాడు.

కొత్త డ్రైవరు దొరికేదాకా జీపు మక్బూల్ షెడ్డులోనే ఉంది. పన్నెండో రోజు మధ్యాహ్నం, గాడ్పు కొడుతున్న వేళ, ప్రేమమ్మ చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చింది.

"మక్బూలన్నా, బండి తియ్! పిడుగురాళ్ళ కాడ బట్టీలో ఎవరికో కళ్ళల్లో సున్నం పడిందంట. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకపోవాలి. ఆలస్యమైతే చూపు దక్కదు!"

మక్బూల్ సెల్ఫు కొట్టాడు. ఒక్క దెబ్బకు లేచింది. బిస్మిల్లా అని గొలుసు విప్పాడు.

దారి పొడుగునా ఎర్రదుమ్ము. ఆంపియరు ముల్లు ఊగడం మక్బూల్ గమనించాడు. గతుకుల వల్లే అనుకున్నాడు. కాలిన వాసన సన్నగా వచ్చింది. బట్టీల పొగ కావచ్చు అనుకున్నాడు. మనిషి తనకు నచ్చిన కారణం వెతుక్కోవాలే గానీ లోకంలో కారణాలకు కరువా!

బట్టీ దగ్గర ఇంజను ఆపకుండానే మనిషిని ఎక్కించారు. నీళ్ళు తగిలితే సున్నం ఇంకా ఉడుకుతుందని అక్కడివాళ్ళు కళ్ళల్లో ఆముదం పోసి, గుడ్డ కట్టి ఉంచారు. ప్రేమమ్మ వాళ్ళను తిట్టి, గుడ్డ విప్పి, బిందె నీళ్ళు కుమ్మరించింది. జుట్టు, కనుబొమ్మలు, ముఖం అంతా తెల్లగా పిండిబొమ్మలా ఉన్నాయి. నీళ్ళకు ఆ తెలుపు కరిగి కిందనుంచి ఇన్నయ్య ముఖం బయటపడింది.

మక్బూల్ ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. గేరు వేసి కదిలించాడు.

సత్తెనపల్లి దారిలో రైలు గేటు పడి ఉంది. గూడ్సు రావడానికి ఇంకా టైముందని గేటు మనిషి ఇశ్రాయేలు కేక వేశాడు. పెట్రోలు ఆదాకు, ఇంజను చల్లబడ్డానికి గేటు పడితే ఇంజను ఆపడం ఏ డ్రైవరుకైనా అలవాటే. మక్బూల్ చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆపకపోతే, లోపం ఉందని తానే ఒప్పుకున్నట్టు. ఆపేశాడు.

నిశ్శబ్దంలో వెనకనుంచి ఇన్నయ్య గొంతు వినపడింది. "ఇంజను ఆపావా మావా?"

గూడ్సు పోయింది. గేటు లేచింది. మక్బూల్ సెల్ఫు కొట్టాడు. ఇంజను మూలిగింది. మళ్ళీ కొట్టాడు. చోకు లాగబోయి కెవ్వుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు చుర్రుమన్నాయి. అయినా మొండిగా మూడోసారి కొట్టాడు. బానెట్ కింద టప్పుమని ఏదో తెగింది, పొగ లేచింది. ఆ తర్వాత మూలుగు కూడా లేదు.

"గొలుసు కట్టు మావా," అన్నాడు ఇన్నయ్య.

"నువ్వు పడుకోరా. పది నిమిషాలు."

బ్యాటరీ తీగలు విప్పి గీకి బిగించాడు. లైట్లు వేస్తే ధగధగ వెలిగాయి. అంటే బ్యాటరీ బాగుంది. సెల్ఫు మోటారు విప్పి చూశాడు. అదీ బాగుంది. దిగి తోయించాడు, ఇంజను ఉలకలేదు. చోకు తీగ మధ్యలో కాలి, నల్లగా ఉండచుట్టుకుని తెగిపోయి ఉంది. కరెంటుతో సంబంధం లేని ఉత్త ఇనప తీగ అది. అదెట్లా కాలిందో అతని బుర్రకు ఎక్కలేదు. ఇంజనులో కూర్చున్నారన్న ఆ ముగ్గురి సంగతి గుర్తొచ్చి మొదటిసారి ఒళ్ళు జలదరించింది.

ప్రేమమ్మ నీళ్ళు పోస్తూనే ఉంది. గేటు దాటి ఎడ్లబండి ఒకటి వచ్చింది. "ఎక్కిస్తానన్నా, సత్తెనపల్లి దాకా అయినా పోతాం," అంది. "పది నిమిషాలమ్మా," అన్నాడు మక్బూల్. బండి వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది. మళ్ళీ పది నిమిషాలే అన్నాడు. అదీ వెళ్ళిపోయింది. అట్లా గంటన్నర గడిచింది. ఇన్నయ్య మొదట్లో మూలిగాడు, తర్వాత మూలగడం కూడా మానేశాడు.

"మావా," అన్నాడు చివరికి. గొంతు పీలగా ఉంది. "నాకు ఆ సామాన్ల పేర్లు తెలవ్వు. నువ్వే చెప్పు. నీ షెడ్డులో ఉండేదేంది, ఇక్కడ లేనిదేంది?"

మక్బూల్ తలెత్తాడు. ఎదురుగా గేటుకు కట్టే గొలుసు వేలాడుతోంది.

అప్పుడు బుర్రలో వెలిగింది. వెలిగాక, వెలగకపోతేనే బాగుండునని కూడా అనిపించింది. బ్యాటరీ నుంచి ఎర్తు తీగ, అంటే కరెంటు తిరిగొచ్చే తీగ, జీపు చట్రానికి పోతుంది. ఇంజనేమో టైరు ముక్కల మీద కూర్చుంది. ఇంజను జీపులో ఉంది గానీ జీపును తాకడం లేదు. ఆ రెంటినీ కలిపేది చిలుం పట్టిన రాగి జడ. దాన్ని తానే కోసి పారేశాడు. సెల్ఫుకు వెళ్ళిన కరెంటంతా వెనక్కి పోవడానికి దారి లేక, ఇంజనుకూ జీపుకూ మధ్య మిగిలిన ఒకే ఒక్క సన్నని చోకు తీగలో దూరింది. షెడ్డులో మాత్రం కప్పీ గొలుసు ఒక కొస ఇంజనుకు, ఒక కొస బంపరుకు. ప్రాణాలు కాపాడాలని ఉస్తాదు పెట్టించుకున్న ఒట్టు, పదికి పదిసార్లూ అతని కళ్ళకు గంతలు కట్టింది.

"ఆ గొలుసియ్యి," అన్నాడు.

"అది రైలోళ్ళ గొలుసు భాయ్, ఇయ్యగూడదు," అన్నాడు ఇశ్రాయేలు. మక్బూల్ అతని కాళ్ళ మీద పడబోయాడు. ఇశ్రాయేలు కంగారుపడి గొలుసు విప్పి ఇచ్చేశాడు. మక్బూల్ ఒక కొసను ఇంజను బోల్టుకు చుట్టాడు. చట్రం మీద రంగు గీకి, రెండో కొసను అక్కడ బిగించాడు. సెల్ఫు నొక్కాడు.

ఒక్క దెబ్బకు లేచింది. అది అంత తేలిగ్గా లేవడం చూసి, మక్బూల్ వెనక్కి తిరిగి చూడలేక బండిని గుంటూరు వైపు తోలాడు.

గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరు టార్చి వేసి రెండు కళ్ళూ చూశాడు. ఎడమ కన్ను పోయిందన్నాడు. కుడి కంటికి వెలుగూ చీకటీ తెలియవచ్చు, అంతకంటే ఆశ పెట్టుకోవద్దన్నాడు. "సున్నం లోపల తింటూనే ఉంటుంది. ఓ గంట ముందు తెచ్చుంటే ఆ కన్నయినా మిగిలేదేమో," అన్నాడు. ఇంకో రోగి పిలిస్తే వెళ్ళిపోయాడు.

మూడోరోజు ఆనందరావు గారు వచ్చారు. వార్డు గుమ్మంలోనే మక్బూల్ ఆయనకు ఎదురెళ్ళాడు. "లోపం బండిలోనే ఉందయ్యగారూ. పెట్టింది నేనే. ఇన్నయ్య మూడుసార్లు చెప్పాడు, నేను వినలా," అన్నాడు. అందరూ వినేలా గట్టిగానే అన్నాడు. ఆనందరావు గారు తల దించుకున్నారు. ఇన్నయ్య ఉద్యోగం ఇన్నయ్యకు ఇచ్చేస్తామన్నారు. అన్నాక, తానేమన్నారో తెలిసి, చేతిలోని టోపీని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు.

ఆయన వెళ్ళాక మక్బూల్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మరియమ్మ మంచినీళ్ళకు పోయింది. ఇన్నయ్య కళ్ళకు గుడ్డ కట్టి ఉంది. గాల్లో చెయ్యి చాపి తడుముతుంటే, మక్బూల్ ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

ఇన్నయ్య వేళ్ళు మక్బూల్ చేతి మీద నెమ్మదిగా కదిలాయి. బొటనవేలి మీద బొబ్బ దగ్గర ఆగాయి. చూపుడువేలి మీద బొబ్బ దగ్గరా ఆగాయి. తన వేళ్ళ మీది పాత మచ్చలతో వాటిని కొలిచినట్టు ఒత్తి చూశాడు.

"ఏంది మావా ఇది? బీడీ కాలిందా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

"కాదురా," అన్నాడు మక్బూల్. "చోకు కాల్చింది."

"అదే గదా మావా, నేనూ చెప్పింది," అన్నాడు ఇన్నయ్య.